ఇంటి కంప్యూటర్‌కు కాపలా: కొనాల్సినవి తక్కువ, పాటించాల్సినవి ఎక్కువ

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ రోజు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. మర్నాడు కూడా తెర మామూలుగానే వెలిగింది, పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు తెరుచుకున్నాయి, కరెంటు బిల్లు కట్టుబడింది. ఆగిపోయింది ఒక్కటే. కొత్తగా బయటపడే లోపాలకు నెలనెలా ఉచితంగా అందే మరమ్మతు. ఇంటి కంప్యూటర్ భద్రతలో చిక్కంతా ఇదే: ప్రమాదం మొదలైన రోజున ఏ చప్పుడూ వినిపించదు.

కంప్యూటర్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. అందులో ఉన్నవాటి సంగతి వేరు. భూమి దస్తావేజుల స్కాన్లు, ఆధార్, పాన్ కాపీలు, ఆదాయపు పన్ను రిటర్నులు, పదిహేనేళ్ల పెళ్లిళ్లు పేరంటాల ఫొటోలు, బ్యాంకు పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకున్న బ్రౌజర్, అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. ఆఫీసులో వీటిని చూసుకోవడానికి ఐటీ విభాగం ఉంటుంది. ఇంట్లో ఆ పని ఎవరి బాధ్యతా కాదు. యాంటీవైరస్ ఒకటి కొని వేయిస్తే సరిపోతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. నిజానికి రక్షణ వరుసలో దాని చోటు మధ్యలో ఎక్కడో. దానికి ముందు చేయాల్సిన పనులు చాలావరకు ఖర్చు లేనివి. అవి సాంకేతిక విద్యలు కావు, అలవాట్లు.

సరదా నుంచి సంపాదన దాకా

ఐబీఎం పీసీల మీద వ్యాపించిన తొలి వైరస్‌గా పేరుపడిన 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. అక్కడ కంప్యూటర్ దుకాణం నడిపే బాసిత్, అంజద్ ఫారూఖ్ అల్వీ సోదరులు తాము రాసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ను కొందరు దొంగచాటుగా కాపీ చేస్తున్నారని దాన్ని తయారు చేశారు. ఫ్లాపీల ద్వారా పాకే ఆ ప్రోగ్రాంలో తమ పేర్లు, చిరునామా, ఫోన్ నంబర్లు కూడా పెట్టారు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన 'ఐ లవ్ యూ' ప్రేమలేఖ వేషంలో ఈమెయిళ్ల మీద ప్రపంచాన్ని చుట్టింది. అలాంటి నేరానికి అప్పటికి ఆ దేశంలో చట్టమే లేకపోవడంతో దాన్ని తయారు చేసినవారికి శిక్ష పడలేదు.

ఆ రోజుల్లో వైరస్ రాసేవారికి పేరు మీద, సరదా మీద మోజు. ఇప్పుడది పక్కా వ్యాపారం. ఇంటి కంప్యూటర్‌కు ఎదురయ్యే ముప్పులు ముఖ్యంగా మూడు. మొదటిది రాన్సమ్‌వేర్: ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బు చెల్లిస్తేనే తెరుస్తామనే రకం. రెండోది సమాచార చోరీ: చప్పుడు చేయకుండా బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను, లాగిన్ గుర్తులను తీసుకుపోయే రకం. మూడోది మాటలతో లొంగదీసుకోవడం: ఫోన్ చేసో, తెర మీద భయపెట్టే హెచ్చరిక చూపించో, యజమాని చేతనే తలుపు తీయించే రకం. మూడింటికీ మందు ఒకటి కాదు కాబట్టే ఒక్క సాఫ్ట్‌వేర్ మీద భారం వేయడం కుదరదు.

రెండు నెలల ఆలస్యం ఖరీదు

అప్‌డేట్ విలువ తెలియాలంటే 2017 నాటి వన్నాక్రై దాడిని గుర్తు చేసుకోవాలి. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న మరమ్మతు విడుదల చేసింది. అదే లోపం గుండా వన్నాక్రై మే 12న విరుచుకుపడింది. దాదాపు 150 దేశాల్లో లక్షల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం పడింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. రెండు నెలల ముందు వచ్చిన అప్‌డేట్‌ను వేసుకున్న కంప్యూటర్లను ఆ దాడి తాకలేకపోయింది.

అప్‌డేట్ వెలువడగానే లోపం ఎక్కడుందో నేరగాళ్లకూ తెలిసిపోతుంది. ఆ క్షణం నుంచి అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్ల కోసం వెతుకులాట మొదలవుతుంది. అందువల్ల 'తర్వాత గుర్తు చేయి' అనే మీటను వారాల తరబడి నొక్కుతూ పోవడం ప్రమాదకరం. డేటా ఖర్చవుతుందని, కంప్యూటర్ నెమ్మదిస్తుందని ఆటోమేటిక్ అప్‌డేట్లను పూర్తిగా ఆపించేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దానికి బదులు రాత్రి పడుకునే ముందు రీస్టార్ట్ చేసి వదిలేస్తే పని దానంతట అదే జరిగిపోతుంది. విండోస్ ఒక్కటే కాదు, బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్, వీడియో కాల్ యాప్‌లను కూడా తాజాగా ఉంచాలి. వాడని ప్రోగ్రాంలను తీసేయాలి. లేని ప్రోగ్రాంకు లోపం ఉండదు.

విండోస్ 10లోనే ఉన్నవారికి దారులు మూడు. కంప్యూటర్ అనుకూలిస్తే ఉచితంగా విండోస్ 11కు మారవచ్చు. అందుకు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే స్థూలంగా 8వ తరం లేదా ఆ పైన ప్రాసెసర్ కావాలి. రెండో దారి, వ్యక్తిగత వినియోగదారుల కోసం మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరడం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్‌ను సింక్ చేసినవారికి ఇది ఉచితం, గడువు 2026 అక్టోబరు 13. మూడోది, పాత కంప్యూటర్‌లో ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్యవస్థ వేసుకోవడం. బ్రౌజింగ్‌కు, ఉత్తరాలకు, సినిమాలకు ఇవి చక్కగా సరిపోతాయి. అయితే ట్యాలీ లాంటి విండోస్ ప్రోగ్రాంల మీద ఆధారపడినవారు, డీటీపీ పని చేసేవారు మారే ముందు తమ సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుందో లేదో చూసుకోవాలి. ఈ మూడూ కుదరకపోతే ఆ కంప్యూటర్‌ను నెట్‌కు దూరంగా ఉంచి, పాటలకూ టైపింగ్‌కూ మాత్రమే వాడుకోవడం మేలు.

'క్రాక్' వెనక ఉన్న లెక్క

కంప్యూటర్ దుకాణంలో అసెంబుల్ చేయించుకున్న పీసీలో విండోస్, ఎంఎస్ ఆఫీస్, ఫొటోషాప్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ 'ఉచితంగా' వచ్చాయంటే అవి చాలావరకు క్రాక్ చేసినవే అయి ఉంటాయి. చట్టం సంగతి అలా ఉంచితే, భద్రత కోణంలో ఇది ఇంటి తాళంచెవిని ముక్కూమొహం తెలియని వ్యక్తికి ఇవ్వడమే. క్రాక్ పనిచేయాలంటే దానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలి. యాంటీవైరస్‌ను ముందుగా ఆపేయమని సూచనల్లోనే రాసి ఉంటుంది. ఆ రెండూ చేశాక లోపలికి ఏం వచ్చిందో తెలుసుకునే మార్గం లేదు.

2018 నుంచి ఇళ్లలోని కంప్యూటర్లను ఎక్కువగా బాధించిన రాన్సమ్‌వేర్లలో 'స్టాప్' లేదా 'డీజేవీయూ' అని పిలిచేది ఒకటి. అది ప్రధానంగా క్రాక్‌లు, దొంగ యాక్టివేటర్ల ద్వారానే వ్యాపించింది. ఎమ్సీసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో దాని 148 రకాలకు విరుగుడు విడుదల చేసింది. అయినా తర్వాతి రకాల్లో చాలావాటికి తాళంచెవి దొరకలేదు. డబ్బులు ఆదా చేయాలనుకుని బిడ్డ పుట్టిననాటి నుంచి తీసిన ఫొటోలన్నీ పోగొట్టుకున్న కుటుంబాల కథ ఇదే.

ప్రత్యామ్నాయాలు లేక కాదు. లిబ్రేఆఫీస్, జింప్, వీఎల్‌సీ లాంటివి ఖర్చు లేకుండా, చట్టబద్ధంగా దొరుకుతాయి. విండోస్‌లోనే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. కావాల్సిందల్లా వాటిని ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవడం. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటన లింకులు ఒక్కోసారి నకిలీ సైట్లకు తీసుకుపోతాయి. ఆటల్లో గెలిపించే 'చీట్'లు, ఉచిత 'మోడ్'ల కోసం పిల్లలు చేసే డౌన్‌లోడ్లకూ ఇదే వర్తిస్తుంది. సమాచార చోరీ ప్రోగ్రాంలకు ఇష్టమైన వేషాల్లో అదొకటి.

ఇంటిల్లిపాదికీ ఒకే తాళంచెవి

చాలా ఇళ్లలో కంప్యూటర్ ఒకటే, ఖాతా కూడా ఒకటే. దానికి పాస్‌వర్డ్ ఉండదు, ఉన్నా గోడ మీద క్యాలెండర్‌లో రాసి ఉంటుంది. ఆ ఖాతాకు పూర్తి అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉంటుంది. ఎనిమిదో తరగతి అబ్బాయి నొక్కిన లింకుకు కూడా ఇంటి యజమానికి ఉన్నంత అధికారం దక్కుతుందన్న మాట.

దీన్ని సరిదిద్దడానికి పది నిమిషాలు చాలు. ఒక అడ్మినిస్ట్రేటర్ ఖాతాను పక్కన పెట్టి, కొత్త ప్రోగ్రాం వేయడానికి మాత్రమే వాడాలి. రోజువారీ పనికి ఇంట్లో ప్రతి ఒక్కరికీ మామూలు 'స్టాండర్డ్' ఖాతా ఇవ్వాలి. అప్పుడు తెలియని ప్రోగ్రాం ఏదైనా వ్యవస్థను మార్చబోతే కంప్యూటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. 'ఇది ఎవరు వేస్తున్నారు, ఎందుకు?' అని ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఒకరి ఫైళ్లు మరొకరి చేతిలో పొరపాటున చెరిగిపోవడమూ తగ్గుతుంది. బ్యాంకు పనులున్నవారు పిల్లలు ఆడుకునే ఖాతాలో వాటిని చేయకపోవడం కనీస జాగ్రత్త.

యాంటీవైరస్ ఎంతవరకు?

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లో భాగంగానే వస్తోంది. విండోస్ 10, 11 వాడే మామూలు ఇంటికి అది సరిపోతుంది. దాన్ని ఆపకుండా, అప్‌డేట్‌లో ఉంచితే చాలు. డబ్బు పెట్టి కొనేవాటిలో పిల్లల పర్యవేక్షణ, అదనపు హెచ్చరికలు లాంటి సదుపాయాలు ఉండవచ్చు. అవి అవసరమైతేనే కొనాలి. గడువు తీరిన యాంటీవైరస్‌ను అలాగే ఉంచుకోవడం మాత్రం మంచిది కాదు. అది పని చేయదు, కొన్నిసార్లు డిఫెండర్‌నూ పని చేయనివ్వదు. రెండు యాంటీవైరస్‌లు కలిపి వేస్తే రక్షణ రెట్టింపు కాదు, కంప్యూటర్ మాత్రం నత్తనడక నడుస్తుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో మాల్‌వేర్‌ను తొలగించే ఉచిత ఉపకరణాలు దొరుకుతాయి. పెన్‌డ్రైవ్‌ల వాడకాన్ని అదుపు చేసే 'యూఎస్‌బీ ప్రతిరోధ్' కూడా అక్కడే ఉంది. దాన్ని రూపొందించింది హైదరాబాద్‌లోని సీ-డాక్ కేంద్రం.

జిరాక్స్ సెంటర్ నుంచి వచ్చే పెన్‌డ్రైవ్

హాల్‌టికెట్, దరఖాస్తు, పాస్‌పోర్టు ఫొటో ఏది ప్రింట్ తీయించుకోవాలన్నా పెన్‌డ్రైవ్ జిరాక్స్ సెంటర్‌కో, ఇంటర్నెట్ సెంటర్‌కో వెళ్లి వస్తుంది. రోజూ వందల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే కంప్యూటర్ అది. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉండటం ఎందరికో అనుభవమే. అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, వైరస్ వాటిని దాచిపెడుతుంది. ఆ షార్ట్‌కట్‌ను నొక్కితేనే అది ఇంటి కంప్యూటర్‌లోకి దిగుతుంది. నొక్కకుండా ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, దాచిన ఫైళ్లు కనిపించేలా సెట్టింగ్ మార్చి, కావాల్సినవి మాత్రమే తీసుకోవాలి.

అంతకన్నా తేలిక మార్గం, ప్రింట్ల కోసమే ఒక చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకోవడం. అందులో ఆ రోజు ప్రింట్ తీయాల్సిన ఫైలు తప్ప మరేదీ ఉండకూడదు. ఇంటికి రాగానే ఫార్మాట్ చేసేయాలి. ఆధార్, పాన్ కాపీలను సెంటర్‌వారి కంప్యూటర్‌లో కాపీ చేయిస్తే, పని కాగానే అక్కడ డెస్క్‌టాప్ నుంచీ, రీసైకిల్ బిన్ నుంచీ తీసేయించాలి. అక్కడ ఈమెయిల్ తెరిస్తే లాగౌట్ చేసేదాకా కుర్చీలోంచి లేవకూడదు.

పాస్‌వర్డ్: పొడవే బలం

అంకెలు, గుర్తులు కలిపి మూడు నెలలకోసారి మార్చాలన్న పాత సలహాకు కాలం చెల్లింది. ఆ సలహాకు మూలమైన 2003 నాటి పత్రాన్ని రాసిన అమెరికా ప్రమాణాల సంస్థ మాజీ ఉద్యోగి బిల్ బర్ స్వయంగా 2017లో దాని మీద విచారం వెలిబుచ్చారు. అదే ఏడాది ఆ సంస్థ మార్గదర్శకాలను మార్చింది. తరచూ మార్చమని బలవంతపెట్టడం కన్నా పొడవైన పాస్‌వర్డ్ మేలని, బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడే మార్చాలని చెప్పింది. తరచూ మార్చాల్సి వస్తే మనుషులు చివరి అంకె ఒక్కటే పెంచుకుంటూ పోతారన్నది అందరికీ తెలిసిన విషయమే.

ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో వరుసగా టైప్ చేస్తే మంచి పాస్‌వర్డ్ తయారవుతుంది. గొడుగు, రైలు, చింతకాయ, మంగళవారం అన్నట్టుగా. అయితే ఇలా అచ్చులో కనిపించిన ఉదాహరణను వాడుకోకూడదు. సామెతలు, పాటల పల్లవులు, హీరోల పేర్లు, పిల్లల పుట్టిన తేదీలు పనికిరావు. వాటినే ముందుగా ప్రయత్నిస్తారు.

ఇంతకన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది: ఒక పాస్‌వర్డ్ ఒకే చోట. ఎక్కడో చిన్న షాపింగ్ సైట్ నుంచి బయటపడిన పాస్‌వర్డ్‌ను నేరగాళ్లు ఈమెయిల్, బ్యాంకు ఖాతాల మీద వరుసగా వేసి చూస్తారు. పదుల కొద్దీ పాస్‌వర్డ్‌లను గుర్తుంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్ వాడటం మంచిది. అది అలవాటు లేని పెద్దవారు ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకున్నా తప్పులేదు. దూరదేశంలోని నేరగాడు బీరువాను తెరవలేడు. కానీ అన్నిచోట్లా వాడిన ఒకే పాస్‌వర్డ్‌ను కనిపెట్టగలడు.

ఈమెయిల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లను మార్చే లింకులు ఈమెయిల్‌కే వస్తాయి కాబట్టి అది పోతే అన్నీ పోయినట్టే. ఎస్సెమ్మెస్ ఓటీపీ కన్నా అథెంటికేటర్ యాప్, దానికన్నా పాస్‌కీ ఎక్కువ భద్రం. పాస్‌కీ అసలు సైట్‌లోనే పనిచేస్తుంది, నకిలీ సైట్‌కు దాన్ని అప్పగించడం కుదరదు.

బ్రౌజర్ తలుపు, దొంగ క్యాప్చా

2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, రెండే నెలల్లో, 'లుమ్మా' అనే సమాచార చోరీ ప్రోగ్రాం సోకిన విండోస్ కంప్యూటర్లు ప్రపంచవ్యాప్తంగా 3.94 లక్షలకు పైగా ఉన్నాయని మైక్రోసాఫ్ట్ వెల్లడించింది. ఇలాంటివి పాస్‌వర్డ్‌తో పాటు బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. ఆ కుకీ చేతికి చిక్కితే ఓటీపీ అవసరం లేకుండానే ఖాతాలోకి దూరవచ్చు. అందుకే బ్యాంకు పని కాగానే లాగౌట్ చేయాలి. కార్డు వివరాలు బ్రౌజర్‌లో దాచకూడదు. అక్కర్లేని ఎక్స్‌టెన్షన్లు తీసేయాలి.

ఇవి లోపలికి వచ్చే దారుల్లో ఒకటి చాలామందికి ఇంకా తెలియదు. ఏదో సైట్‌లో 'మీరు రోబో కాదని నిరూపించండి' అనే పెట్టె కనిపిస్తుంది. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కండి, ఆపై కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి అని అడుగుతుంది. అలా చేస్తే ఆ సైట్ రహస్యంగా కాపీ చేసిపెట్టిన ఆదేశాన్ని యజమాని తన చేతులతోనే నడిపినట్టు అవుతుంది. నిజమైన క్యాప్చా ఏదీ కీబోర్డుతో విండోస్‌కు ఆదేశాలు ఇవ్వమనదు. అలా అడిగిన పేజీని వెంటనే మూసేయాలి.

ఈమెయిల్‌కు జతగా వచ్చే ఫైళ్ల విషయంలో 'ఐ లవ్ యూ' నేర్పిన పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. ఆ ఫైలు పేరు చివర రెండు ఎక్స్‌టెన్షన్లు ఉండేవి. విండోస్ చివరిదాన్ని దాచేయడంతో అది మామూలు టెక్స్ట్ ఫైలులా కనిపించేది. నేటికీ విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లను దాచే ఉంచుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని 'వ్యూ' మెనూలో వాటిని కనిపించేలా చేసుకుంటే, పీడీఎఫ్ వేషంలో వచ్చిన ప్రోగ్రాం పేరు చివర ఈఎక్స్ఈ అని దొరికిపోతుంది.

బ్యాంకు సైట్లను గుర్తుపట్టడానికి ఇప్పుడొక కొత్త ఆనవాలు ఉంది. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు దేశంలోని బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మారాల్సి ఉంది. ఈ చిరునామా బ్యాంకులకు మాత్రమే ఇస్తారు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, చిరునామాను స్వయంగా టైప్ చేసి, చివర ఈ మాటలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

సాయం చేస్తామంటూ వచ్చే ఫోన్

తెర నిండా ఎర్రటి హెచ్చరిక, చెవులు చిల్లులు పడే సైరన్, 'ఈ నంబరుకు ఫోన్ చేయండి' అన్న ఆదేశం. ఇది వైరస్ కాదు, మామూలు వెబ్‌పేజీ. ఆ నంబరుకు ఫోన్ చేస్తే అవతలివారు ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేయించి, కంప్యూటర్‌ను తమ అదుపులోకి తీసుకుంటారు. ఎనీడెస్క్‌ను అడ్డం పెట్టుకుని జరుగుతున్న మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఇలాంటి నకిలీ కాల్‌సెంటర్ల మీద సీబీఐ 2022 నుంచి 'ఆపరేషన్ చక్ర' పేరిట దాడులు చేస్తోంది. మైక్రోసాఫ్టో, బ్యాంకో తమంతట తాము ఫోన్ చేసి కంప్యూటర్‌లో వైరస్ ఉందని చెప్పవు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను మూసేస్తే ఆ సైరన్ ఆగిపోతుంది.

రిమోట్ యాప్‌లు చెడ్డవేమీ కావు. అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్న కొడుకు, కూతురు ఇక్కడి తల్లిదండ్రుల కంప్యూటర్‌ను బాగుచేసేది వాటితోనే. సరిగ్గా ఆ అలవాటునే మోసగాళ్లు వాడుకుంటారు. అందుకు కుటుంబంలో ఒక కట్టుబాటు పెట్టుకోవచ్చు. రిమోట్ యాప్‌ను తెరిచేది తల్లిదండ్రులు తమ పిల్లల నంబరుకు తామే ఫోన్ చేసినప్పుడు మాత్రమే. పని కాగానే ఆ యాప్‌ను తీసేయాలి. 'మీ అబ్బాయి చెప్పాడు' అంటూ ఇంకెవరు ఫోన్ చేసినా పెట్టేయాలి.

మూలన మెరిసే రూటర్

ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చి బిగించి వెళ్లాక రూటర్ వైపు ఎవరూ చూడరు. 2016లో 'మిరాయ్' అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60కి పైగా వరుసగా వేసి చూస్తూ లక్షల రూటర్లను, సీసీ కెమెరాలను లొంగదీసుకుంది. నివారణ తేలికే. వైఫై పాస్‌వర్డ్ వేరు, రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండోదాన్ని కూడా మార్చాలి. భద్రత రకంగా డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోవాలి. డబ్ల్యూపీఎస్ మీటను ఆపేయాలి. రూటర్‌కూ అప్‌డేట్లు వస్తుంటాయి, ఆరు నెలలకోసారి చూసుకోవాలి. చుట్టాలకు, సీసీ కెమెరాలకు, స్మార్ట్ టీవీకి 'గెస్ట్' నెట్‌వర్క్ ఇస్తే కంప్యూటర్ వాటికి దూరంగా ఉంటుంది.

చివరి అండ బ్యాకప్

పైన చెప్పినవన్నీ చేసినా ఏదో ఒక రోజు ఏదో ఒకటి తప్పిపోవచ్చు. వైరస్సే రానక్కర్లేదు. వోల్టేజి హెచ్చుతగ్గులకు హార్డ్‌డిస్క్ పోవచ్చు, రైల్లో ల్యాప్‌టాప్ పోవచ్చు. ఆ రోజు మిగిలేది బ్యాకప్ ఒక్కటే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇళ్లకు కూడా సరిపోతుంది. ముఖ్యమైన ఫైలు మూడు ప్రతుల్లో ఉండాలి, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి ఇంటి బయట ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో ఊళ్లోని చెల్లెలి ఇంట్లోనో ఒకటి.

ఇందులో రెండు మెలకువలున్నాయి. హార్డ్‌డిస్క్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. నెలకోసారి తగిలించి, కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టాలి. రెండోది, క్లౌడ్ సింక్ పూర్తి బ్యాకప్ కాదు. ఇక్కడ ఫైలు పాడైతే అక్కడా పాడవుతుంది. పాత ప్రతిని తిరిగి తెచ్చుకునే సదుపాయం ఎన్ని రోజుల వరకు ఉంటుందో ముందే చూసుకోవాలి. ఏడాదికి ఒకసారైనా బ్యాకప్ నుంచి ఒక ఫైలును తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడినా ఫైళ్లు తెరవలేకుండా చేసేది డివైస్ ఎన్‌క్రిప్షన్. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో చాలావాటికి అది దానంతట అదే అమలవుతుంది. దాని రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దాన్ని ఒక కాగితం మీద ప్రింట్ తీసి దాచుకోకపోతే, ఆ ఖాతా మర్చిపోయిన రోజున దొంగతో పాటు యజమానీ బయటే నిలబడాల్సి వస్తుంది. పాత కంప్యూటర్‌ను అమ్మే ముందు, ఎవరికైనా ఇచ్చే ముందు ఫైళ్లు డిలీట్ చేయడం చాలదు. విండోస్ రీసెట్‌లో అన్నిటినీ తీసేసి, డ్రైవ్‌ను పూర్తిగా శుభ్రం చేసే ఎంపికను వాడాలి.

జరిగిపోయాక చేయాల్సినవి

అనుమానం రాగానే మొదటి పని ఇంటర్నెట్ తీసేయడం. వైఫై ఆపి, కేబుల్ లాగేయాలి. రెండో పని, వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను మార్చి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయడం. వైరస్ ఉన్న కంప్యూటర్‌లోనే కొత్త పాస్‌వర్డ్ టైప్ చేస్తే అదీ దొంగల చేతికే చేరుతుంది. ఆ తర్వాతే స్కాన్. నమ్మకం కుదరకపోతే ఫార్మాట్ చేసి విండోస్‌ను మళ్లీ వేయించాలి. రాన్సమ్‌వేర్ సోకితే డబ్బు చెల్లించినా ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. యూరోపోల్ తదితర సంస్థలు 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' వెబ్‌సైట్‌లో కొన్ని రకాలకు ఉచిత విరుగుళ్లు దొరుకుతాయి. తాళం పడిన ఫైళ్లను చెరిపేయకుండా పక్కన దాచుకుంటే తర్వాతెప్పుడైనా విరుగుడు రావచ్చు.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారుతూ పోతుంది కాబట్టి మొదటి గంటల్లో ఫిర్యాదు అందితేనే దాన్ని మధ్యలో నిలిపే అవకాశం ఎక్కువ. బ్యాంకుకు కూడా అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయాలి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో నిర్దేశించిన నియమాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుడిదీ కాక వేరేచోట జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లోగా తెలియజేసిన ఖాతాదారుడి మీద నష్టభారం పడదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య అయితే బాధ్యతకు పరిమితి ఉంటుంది. ఖాతాదారుడే ఓటీపీ, పాస్‌వర్డ్ చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఆయనదే. సమాచార సాంకేతిక చట్టంలోని 66సి, 66డి సెక్షన్ల కింద గుర్తింపు చోరీకి, మారువేషపు మోసానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. తెర మీద కనిపించినవాటికి ఫొటోలు తీసి, మెసేజ్‌లు, లావాదేవీ నంబర్లు దాచుకుంటే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది.

ఒక ఆదివారం పని

ఇవన్నీ ఒక్కరోజులో చేయాలనుకుంటే ఏదీ పూర్తికాదు. ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టాలి. తర్వాత పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ వేయాలి. అవి దిగుతుండగా ఈమెయిల్‌కు కొత్త పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవచ్చు. సాయంత్రం ఇంట్లోవాళ్లకు వేర్వేరు ఖాతాలు తెరవాలి. ఈ నాలుగూ ఒక ఆదివారం పని. క్రాక్ సాఫ్ట్‌వేర్‌ను వదిలించుకోవడం, రూటర్ పాస్‌వర్డ్ మార్చడం మరో ఆదివారానికి పెట్టుకోవచ్చు.

ఆపైన మిగిలేది ఇంట్లో మాట్లాడుకోవడం. పొరపాటున లింకు నొక్కిన పిల్లవాడు తిడతారని దాచినా, ఓటీపీ చెప్పేసిన తాతయ్య పరువు పోతుందని దాచినా పోయేది విలువైన సమయమే. ఏం జరిగినా వెంటనే చెప్పవచ్చన్న ధైర్యం ఇంట్లో అందరికీ ఉంటే, నష్టాన్ని ఆ మొదటి గంటలోనే ఆపే వీలుంటుంది.